యూదు ముత్తాత పుట్టిన ఊరు ఎలా కనుక్కోవాలి?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోకి యూదు కోడళ్లు, అల్లుళ్లు రావడం ఇప్పుడు కొత్త సంగతి కాదు. పెళ్లయ్యాక ఎప్పుడో ఒకరోజు వంశవృక్షం మాట వస్తుంది. మనవైపు ఇంటిపేరు, గోత్రం, జిల్లా, ఊరు గబగబా చెప్పేస్తాం. అటువైపు మాత్రం "మా ముత్తాత రష్యా నుంచి వచ్చాడు" అన్న ఒక్క ముక్క దగ్గర మాట ఆగిపోతుంది. ఊరి పేరు ఎవరికీ గుర్తుండదు. గుర్తున్నా మ్యాప్‌లో కనబడదు.

మా వియ్యాలవారి కోసం ఈ వెతుకులాట మొదలుపెట్టి, తర్వాత మరికొన్ని కుటుంబాలకు సాయం చేశాను. హీబ్రూ, పోలిష్, రష్యన్ భాషలు రావాల్సిన పనిలేదు. ఓపిక ఉంటే, వరస తప్పకుండా వెళితే, చాలామంది విషయంలో ఊరు దొరుకుతుంది. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. దీనికంతటికీ ఆధారమైన నియమం ఒకటుంది: ఊరు ఏదో తేలేవరకు సముద్రం దాటకండి.

ఎందుకంటే తూర్పు యూరప్‌లో జనన మరణాల పుస్తకాలు ఊరి పేరు మీదే ఉంటాయి. దేశం పేరు తెలిసినంత మాత్రాన ఏ పుస్తకమూ తెరుచుకోదు. పైగా 1881కీ 1924కీ మధ్య అమెరికా చేరిన 20 లక్షలకు పైగా తూర్పు యూరప్ యూదుల్లో "రష్యా నుంచి వచ్చాం" అన్నవాళ్ల ఊళ్లు ఇవాళ లిథువేనియా, బెలారస్, ఉక్రెయిన్, పోలాండ్, లాత్వియా, మాల్డోవాల్లో ఉండొచ్చు. "ఆస్ట్రియా" అన్నవాళ్లలో ఎక్కువమందిది గలీసియా. ఆ ప్రాంతంలో సగం ఇప్పుడు పోలాండ్‌లోనూ, సగం ఉక్రెయిన్‌లోనూ ఉంది. ఊరు తెలియకుండా ఆ పేరున్న మనిషి కోసం వెతికితే వందమంది దొరుకుతారు, ఒక్కరూ మీవాళ్లు కాకపోవచ్చు.

ముందు ఇంట్లో అడగండి

బతికున్న పెద్దవాళ్లలో అందరికన్నా పెద్దవారితో మొదలుపెట్టండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. "మీ తాత ఎక్కడ పుట్టాడు?" అని అడిగితే "తెలియదు" అనేస్తారు. అదే "సెలవులకు ఎవరింటికి వెళ్లేవాళ్లు? ఆ బంధువులు ఏ వైపువాళ్లు? మీ పేరు ఎవరి పేరు చూసి పెట్టారు?" అని అడిగితే మాటలు వాటంతటవే వస్తాయి. ఊరి పేరు చెబితే వాళ్లు పలికింది పలికినట్టే రాసుకోండి. మీకు తెలిసిన ఊరి పేరుతో సరిచేసే ప్రయత్నం అక్కడే చేయకండి. వాళ్ల నోట్లో ఉన్నది యిడ్డిష్ (అక్కడి యూదులు ఇంట్లో మాట్లాడుకున్న భాష) పేరు, మ్యాప్‌లో ఉండేది పోలిష్ పేరో ఉక్రేనియన్ పేరో అయి ఉంటుంది. సరిచేయడానికి వేరే చోటుంది, అది తర్వాత చెబుతాను.

ఎవరి పేరు పెట్టారన్న ప్రశ్న చాలా విలువైనది. మధ్య, తూర్పు యూరప్‌కు చెందిన అష్కెనాజీ యూదులు బతికున్న బంధువుల పేరు పిల్లలకు పెట్టరు, చనిపోయినవాళ్ల పేరే పెడతారు. నాయనమ్మ పేరు పెట్టుకున్న పాప 1911లో పుట్టిందంటే, ఆ నాయనమ్మ పాప పుట్టకముందే పోయిందన్నమాట. మరణ రికార్డు వెతకాల్సిన ఏళ్లు అప్పుడే సగానికి తగ్గిపోతాయి. స్పెయిన్ మూలాలున్న సెఫార్డీ కుటుంబాల్లో ఆచారం వేరు, అక్కడ బతికున్న తాత పేరు కూడా పెడతారు. కాబట్టి కుటుంబం ఏ వర్గమో ముందే అడిగి తెలుసుకోండి.

ఫోటోలుంటే వెనక్కి తిప్పి చూడండి. పాత స్టూడియోలు తమ ఊరి పేరు అచ్చు వేసేవి. స్టూడియో దగ్గరి పెద్ద పట్నంలో ఉండొచ్చు గానీ, ప్రాంతం తెలిసిపోతుంది. యిడ్డిష్ ఉత్తరాలు, పోస్టుకార్డులు దొరికితే పారేయనివ్వకండి, రెండు వైపులా ఫోటో తీసి ఉంచండి. పెళ్లి ఒప్పందపత్రమైన కెతుబాలో వధూవరుల పేర్లతోపాటు తండ్రుల పేర్లు, పెళ్లి జరిగిన ఊరు, తేదీ ఉంటాయి. ప్రార్థన పుస్తకాల లోపలి అట్ట మీద పెద్దల వర్ధంతి తేదీలు రాసుకునే అలవాటు కూడా ఉంది. యార్జైట్ అనే ఆ వర్ధంతిని హీబ్రూ క్యాలెండర్ ప్రకారం జరుపుతారు, కాబట్టి అక్కడి తేదీలు ఇంగ్లీషు తేదీలు కావు.

సమాధిరాయి చదవడం

నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన మెట్టు ఇదే. అమెరికా ప్రభుత్వ కాగితాల్లో దొరకని తండ్రి పేరు ఈ రాయి మీద ఉంటుంది. శ్మశానానికి వెళ్లగలిగితే వెళ్లండి. లేకపోతే ఫైండ్ ఎ గ్రేవ్ వెబ్‌సైట్‌లోనూ, జ్యూయిష్‌జెన్ అనే యూదు వంశావళి వెబ్‌సైట్ నడిపే సమాధుల జాబితాలోనూ ఫోటో ఉందేమో చూడండి. న్యూయార్క్ క్వీన్స్‌లోని మౌంట్ హెబ్రాన్, మౌంట్ జయాన్ లాంటి పెద్ద శ్మశానాలకు సొంత వెబ్‌సైట్లలో పేరుతో వెతికే వీలుంది.

రాయి పైభాగంలో సాధారణంగా పే, నూన్ అనే రెండు హీబ్రూ అక్షరాలుంటాయి. ఇక్కడ సమాధి అయ్యారు అన్న మాటకు అవి పొడి అక్షరాలు. కింద పేరు, ఆ తర్వాత మగవారికి "బెన్", ఆడవారికి "బాత్" అన్న మాట, దాని వెంట తండ్రి పేరు. ఇంగ్లీషులో మోరిస్ అని చెక్కిన రాయి మీద హీబ్రూలో "మోషే బెన్ యెహూదా లేబ్" అని ఉందనుకోండి, ఒకేసారి మీకు రెండు దొరికాయి: పాత ఊళ్లో ఆయన మోషే, ఆయన తండ్రి యెహూదా లేబ్. ఇలాంటి జంట పేర్లు చాలా ఉన్నాయి: త్స్వీ హిర్ష్, దోవ్ బేర్, మెనహెమ్ మెండెల్. కాగితాల్లో వీటిలో ఒక సగమే కనిపించవచ్చు. యెహూదా లేబ్ ఒక పుస్తకంలో లేబ్‌గా, మరో పుస్తకంలో లేయ్‌బాగా, ఇంకోచోట యుదెల్‌గా ఉంటాడు. అన్ని రూపాలూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

సంవత్సరం అక్షరాల్లోనే ఉంటుంది. ప్రతి హీబ్రూ అక్షరానికీ ఒక అంకె విలువ ఉంది. తావ్ 400, రేష్ 200, పే 80, దాలెత్ 4. కలిపితే 684. వేల స్థానంలోని 5ను రాయరు. ఈ 684కు 1240 కలపండి, 1924 వస్తుంది. యూదుల కొత్త సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి, మరణం ఆ పండగకూ డిసెంబరు 31కీ మధ్య జరిగితే ఒకటి తగ్గించి 1923 అనుకోవాలి. అక్షరాల పట్టిక నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. ఒక సాయంత్రం కూర్చుంటే ఈ లెక్క వచ్చేస్తుంది.

రెండు చేతులు వేళ్లు విడదీసి చాచినట్టు బొమ్మ ఉంటే ఆయన కోహెన్, అంటే పూజారి వంశం. నీళ్ల కూజా ఉంటే లేవీ, అంటే పూజారులకు సాయపడే వంశం. ఇది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే హోదా. మీ ముత్తాత కోహెన్ అయితే, అదే ఇంటిపేరుతో దొరికిన లేవీ మనిషి ఆయన తండ్రి తరఫు దాయాది కాడు. అనుమానం ఉన్న పేర్లను వడకట్టడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. రాయి చదివాక తలెత్తి చుట్టూ చూడండి. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు అమెరికాలో లాండ్స్‌మన్‌షాఫ్ట్ అనే సంఘాలు పెట్టుకుని, జబ్బు చేస్తే డబ్బు సాయం, పోతే సమాధికి చోటు ఏర్పాటు చేసుకునేవారు. శ్మశానంలో ఆ సంఘాల స్థలాలకు రాతి ద్వారాలు ఉంటాయి, వాటి మీద ఊరి పేరు చెక్కి ఉంటుంది. ఏ తరం కాగితంలోనూ లేని ఊరి పేరు ఆ ద్వారం మీద దొరికిన కుటుంబాలు ఎన్నో. అయితే ఇది ఆధారం మాత్రమే, రుజువు కాదు. భార్య పుట్టింటివారి ఊరి సంఘంలో చేరిన భర్తలున్నారు. చేతివృత్తి సంఘం స్థలంలో సమాధి అయినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆ పేరు రాసుకుని, దాన్ని మరో కాగితంతో సరిచూడండి.

అమెరికా కాగితాలు: చివరి నుంచి మొదటికి

మరణపత్రంతో మొదలుపెట్టి వెనక్కి రండి. ఒక్కో కాగితం దాని ముందుదానికి దారి చూపుతుంది.

జనగణన పత్రాలు పదేళ్లకోసారి వస్తాయి. 72 ఏళ్లు దాటాక బయటపెడతారు, 1950 నాటివి 2022లో వచ్చాయి. 1890 నాటివి మాత్రం అగ్నిప్రమాదం వల్ల దాదాపు మొత్తం పోయాయి. 1900 పత్రంలో పుట్టిన నెల, సంవత్సరం, వలస వచ్చిన ఏడు ఉంటాయి. 1920 పత్రంలో పౌరసత్వం వచ్చిన సంవత్సరం కూడా ఉంటుంది. పౌరసత్వం గడిలో "ఎన్ఏ" అని ఉంటే పౌరసత్వం వచ్చింది, "పీఏ" అంటే దరఖాస్తు పెట్టారు, "ఏఎల్" అంటే ఇంకా పరాయి దేశస్థుడే. పుట్టినచోటు కింద తరచుగా దేశమే రాసినా, 1920 పత్రంలో కొన్నిసార్లు పట్టణమో రాష్ట్రమో కూడా ఉంటుంది. వయసులు మాత్రం నమ్మకండి. పదేళ్లలో ఏడేళ్లే పెద్దయిన అమ్మమ్మలు ప్రతి కుటుంబంలోనూ కనిపిస్తారు.

ఊరి పేరు దొరికే అవకాశం బాగా ఉన్నది పౌరసత్వ కాగితాల్లో. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన తేదీ 1906 సెప్టెంబరు 27. దానికి ముందు ఏ కోర్టులోనైనా, ఏ ఫారం మీదైనా ఇచ్చేవారు, వాటిలో చాలావరకు "రష్యా చక్రవర్తి పట్ల విధేయత వదులుకుంటున్నాను" అన్న మాట మించి ఏమీ ఉండదు. ఆ తేదీ తర్వాత దేశమంతటా ఒకే ఫారం. అందులో పుట్టిన ఊరు, తేదీ, ఓడ పేరు, దిగిన రేవు ఉంటాయి. తర్వాతి దశ అయిన పిటిషన్‌లో భార్య, పిల్లల పేర్లు, వాళ్లు పుట్టిన తేదీలు, ఊళ్లు వస్తాయి. 1929 నుంచి ఫోటో కూడా అతికించేవారు. ముత్తాత మొహం మొదటిసారి ఆ ఫారం మీదే చూసిన మనవళ్లున్నారు. కోర్టు ప్రతులు నేషనల్ ఆర్కైవ్స్ శాఖల్లోనూ, ఫ్యామిలీసెర్చ్, యాన్సెస్ట్రీ వెబ్‌సైట్లలోనూ దొరుకుతాయి. ప్రభుత్వం దగ్గర ఉండిపోయిన సీ-ఫైల్ అనే రెండో ప్రతిని అమెరికా వలస, పౌరసత్వ శాఖ అయిన యూఎస్‌సీఐఎస్ వంశావళి విభాగం నుంచి తెప్పించుకోవచ్చు. ముత్తవ్వ పేరు మీద కాగితాలు లేవని కంగారు పడకండి. 1922 వరకు భర్తకు పౌరసత్వం వస్తే భార్యకూ వచ్చేసినట్టే, ఆమెకు విడిగా దరఖాస్తు ఉండేది కాదు.

ఓడ పేరు తెలిశాక ప్రయాణికుల జాబితా వెతకండి. న్యూయార్క్‌లో దిగినవాళ్ల కోసం, వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం డేటాబేస్ ఉచితం. ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892 జనవరి 1న, దానికి ముందు, 1890 వరకు, వచ్చినవాళ్లు క్యాసిల్ గార్డెన్ అనే పాత కేంద్రంలో దిగారు. ఇక్కడ ప్రతి కుటుంబంలోనూ ఒక కథ వినిపిస్తుంది: "ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తా మా ఇంటిపేరు మార్చేశాడు" అని. అది నిజం కాదు. జాబితా రాసింది ఓడ కంపెనీవాళ్లు, హాంబర్గ్, బ్రెమెన్, రోటర్‌డామ్, ఆంట్‌వెర్ప్ లాంటి రేవుల్లో, ఓడ ఎక్కేముందు. ఎల్లిస్ ఐలాండ్ అధికారులు ఆ జాబితా చేత్తో పట్టుకుని పేర్లు సరిచూసుకున్నారంతే. పేరు మార్చుకున్నది తర్వాత, అమెరికా జీవితంలో, వాళ్లంతట వాళ్లే. ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, జాబితాలో మీరు వెతకాల్సింది అమెరికా పేరును కాదు. హ్యారీ కోసం వెతికితే దొరకడు, హెర్ష్ కోసం వెతకాలి. బెకీ కోసం కాదు, రివ్కా కోసం.

1907 నుంచి ఈ జాబితాలు చాలా వివరంగా ఉంటాయి. చివరగా నివసించిన ఊరు, అక్కడ వదిలివచ్చిన దగ్గరి బంధువు పేరు, అడ్రసు, అమెరికాలో ఎవరి దగ్గరికి వెళుతున్నారు, పుట్టిన ఊరు. ఒక ప్రయాణికుడి వివరాలు రెండు పేజీల మీద పరుచుకుని ఉంటాయి. వెబ్‌సైట్ ఒక పేజీయే చూపిస్తుంది కాబట్టి తర్వాతి పేజీకి తప్పక వెళ్లండి. పుట్టిన ఊరు ఉండేది ఆ రెండో పేజీలోనే. జాబితా చివర్లో ఆపి ఉంచినవాళ్ల పేజీలు కూడా చూడండి. భర్త వచ్చి తీసుకెళ్లేవరకు ఆడవాళ్లను, పిల్లలను ఆపేవారు, అక్కడ భర్త అడ్రసు రాసి ఉంటుంది.

పేరు ఎంతకీ తగలకపోతే టెన్షన్ పడొద్దు. స్టీవ్ మోర్స్ తయారుచేసిన వన్-స్టెప్ పేజీల్లో ఇంటిపేరు మొదటి అక్షరాలు, వయసు, వచ్చిన ఏడు ఇచ్చి వెతకొచ్చు. శబ్దాన్ని బట్టి వెతికే డేట్చ్-మోకోటాఫ్ పద్ధతి ఎంచుకోండి, 1985లో యూదు ఇంటిపేర్ల కోసమే తయారైన పద్ధతి అది. అయినా రాకపోతే తండ్రిని వదిలేసి పిల్లల్లో అరుదైన పేరున్నవాళ్లను వెతకండి.

మగవాళ్లకు ఇంకో దారి ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి 1917 జూన్ సైనిక నమోదు కార్డుల్లోనూ, 1877 ఏప్రిల్ చివరి నుంచి 1897 ఫిబ్రవరి మధ్య వరకు పుట్టినవాళ్లు 1942లో నింపిన కార్డుల్లోనూ పుట్టినచోటు అడిగారు. 1936లో మొదలైన సోషల్ సెక్యూరిటీ దరఖాస్తులో తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి. ఇది ఆడవాళ్లకూ దొరుకుతుంది.

ఇవన్నీ ముత్తాత ఒక్కడికే చేసి ఆపకండి. ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బావలు, ఓడ జాబితాలో ఎవరి దగ్గరికి వెళుతున్నానన్నాడో ఆ మనిషి, అందరికీ చేయండి. ముత్తాత కాగితంలో "రష్యా" అని ఉండి, తమ్ముడి కాగితంలో ఊరి పేరు పూర్తిగా ఉండడం మామూలే. ముత్తాత దగ్గర దారి మూసుకుపోయిన చాలా కుటుంబాలకు ఈ పక్క బంధువుల వల్లే ఊరు దొరికింది.

బ్రిటన్‌కు వెళ్లినవాళ్లకు అక్కడి జనగణన పత్రాలు, లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పౌరసత్వ ఫైళ్లు ఉన్నాయి. దక్షిణాఫ్రికా యూదుల్లో ఎక్కువమంది లిథువేనియా వైపు నుంచి వచ్చారు కాబట్టి వాళ్ల వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఎక్కడికి వెళ్లినా, హాంబర్గ్‌లో ఓడ ఎక్కి ఉంటే ఆ రేవు జాబితాలు 1850 నుంచి 1934 వరకు ఉన్నాయి, చివరగా నివసించిన ఊరు అందులో ఉంటుంది. బ్రెమెన్ జాబితాలు చాలావరకు మిగల్లేదు.

దొరికిన పేరు ఏ ఊరిది?

ఇప్పుడు మీ దగ్గర రకరకాల స్పెల్లింగుల్లో ఒక పేరుంది. దాన్ని జ్యూయిష్‌జెన్ వెబ్‌సైట్‌లోని ఊళ్ల డేటాబేస్‌లో, శబ్దాన్ని బట్టి వెతికే పద్ధతిలో ఇవ్వండి. ఒక్కో ఊరికీ యిడ్డిష్, పోలిష్, రష్యన్, జర్మన్ పేర్లు, మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఏ జిల్లా, ఏ గుబెర్నియా, యుద్ధాల మధ్య ఏ దేశం, ఇప్పుడు ఏ దేశం అన్నీ అక్కడ ఉంటాయి. గుబెర్నియా అంటే రష్యా సామ్రాజ్యంలో రాష్ట్రం లాంటిది. అమ్మమ్మ "బ్రిస్క్" అన్నది ఇవాళ బెలారస్‌లోని బ్రెస్ట్. "లెంబర్గ్" ఉక్రెయిన్‌లోని ల్వీవ్. "ఆప్ట్" పోలాండ్‌లోని ఓపతూఫ్. "డ్విన్స్క్" లాత్వియాలోని డౌగావ్‌పిల్స్. అందుకే చెప్పాను, ఆమె పలికింది అలాగే రాసుకోమని.

రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, "మిన్స్క్" అన్నవాళ్లందరూ మిన్స్క్ నగరంవాళ్లు కారు. మిన్స్క్, కోవ్నో, గ్రోడ్నో లాంటి పేర్లు నగరానివీ, గుబెర్నియావీ కూడా. అసలు ఊరు అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. రెండు, ఒకే పేరుతో చాలా ఊళ్లుంటాయి. "పక్కన పెద్ద ఊరు ఏది" అన్న ఆధారం ఏ కాగితంలో ఉన్నా వదలకండి. తమ్ముడు పక్క ఊళ్లో పుట్టాడని రాసి ఉంటే, ఆ రెండు ఊళ్లూ దగ్గర దగ్గరగా ఉన్న చోటు ఒక్కటే అవుతుంది.

ఇంటిపేరు చూసి ఊరు ఊహించడం మనకు సహజంగా వచ్చే అలవాటు. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే కదా. కొంకణ్ తీరంలోని బెనే ఇజ్రాయెల్ యూదులకు కూడా అంతే, పెణ్‌కర్ అంటే పెణ్ ఊరివాళ్లు. తూర్పు యూరప్‌లో మాత్రం ఈ పద్ధతిని నమ్ముకోకండి. అక్కడ యూదులకు స్థిరమైన ఇంటిపేర్లు ప్రభుత్వాల ఆజ్ఞలతో వచ్చాయి: ఆస్ట్రియాలో 1787లో, రష్యాలో 1804 చట్టంతో, రష్యా చక్రవర్తి కింద ఉన్న పోలాండ్ రాజ్యంలో 1821లో. వార్షావ్‌స్కీ అన్న పేరు వచ్చినవాళ్లు అప్పటికే వార్సా వదిలి వేరే ఊళ్లో ఉండి ఉంటారు. వార్సాలో అందరూ వార్సావాళ్లే కాబట్టి ఆ పేరుతో ఎవరినీ గుర్తుపట్టలేరు. ఆ ఆజ్ఞలకు ముందు కాలంలో చాలావరకు తండ్రి పేరుతోనే మనిషిని గుర్తించారు. కాబట్టి ఎంత బాగా వెతికినా ఎక్కువ కుటుంబాలకు 1800 ప్రాంతంలో గోడ తగులుతుంది.

ఇప్పుడు సముద్రం దాటండి

ఊరు తేలింది. 1914కు ముందు ఆ ఊరు ఏ సామ్రాజ్యంలో ఉందో చూడండి. రికార్డు రూపం దాన్ని బట్టే ఉంటుంది.

వార్సా, లూబ్లిన్, లోడ్జ్ (వూచ్) వైపు, అంటే పోలాండ్ రాజ్యం అయితే మీరు అదృష్టవంతులు. నెపోలియన్ కాలంలో, 1808లో మొదలైన నమోదు అది. 1825 వరకు యూదుల జనన మరణాలు కూడా క్యాథలిక్ చర్చి (పారిష్) పుస్తకంలోనే ఉన్నాయి, 1826 నుంచి విడి పుస్తకాలు. 1868 నుంచి భాష పోలిష్ బదులు రష్యన్ అయింది. ప్రతి రికార్డూ ఒక పేరా, ప్రతి పేరా ఒకే మూసలో ఉంటుంది: ఫలానా ఊళ్లో, ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, ఫలానా వృత్తి చేసే ఇన్నేళ్ల తండ్రి ఇద్దరు సాక్షులతో వచ్చి, పుట్టింటి పేరుతో సహా తల్లి పేరు చెప్పి, బిడ్డను చూపించాడు. మూస ఒకటే కాబట్టి రెండు మూడు చదివితే తర్వాతవి భాష రాకపోయినా పట్టుకోవచ్చు. పెళ్లి రికార్డు ముందు తెప్పించుకోండి, రెండు వైపుల తల్లిదండ్రులూ ఒకేచోట దొరుకుతారు. జనన పుస్తకం తగలబడిపోయిందని తెలిసినా ఆశ వదులుకోవద్దు. పెళ్లి సమయంలో జతచేసిన కాగితాలను అలెగాటా అంటారు, వధూవరుల జననపత్రాల నకళ్లు అందులో మిగిలి ఉండొచ్చు. కొన్ని ఊళ్లకు శాశ్వత నివాసుల పుస్తకాలు ఉన్నాయి, ఒక ఇంటి మనుషులందరూ పుట్టిన తేదీలతో సహా ఒకే పేజీలో కనిపిస్తారు.

గలీసియాలో రికార్డులు గడులుగా గీసిన పట్టికలు, చదవడం తేలిక. కానీ అర్థం చేసుకోవడంలో అందరూ తడబడే చోటు ఇది. అక్కడి యూదులు ఎక్కువగా మతాచారం ప్రకారమే పెళ్లి చేసుకునేవారు, ప్రభుత్వం దగ్గర నమోదు చేయించేవారు కాదు. ఆ పెళ్లిని ప్రభుత్వం గుర్తించలేదు. అందువల్ల పిల్లలను తల్లి ఇంటిపేరుతో, అక్రమ సంతానం అని రాసేవారు. ఆ మాట చూసి ఆ ఇంటి పెద్దవాళ్లు బాధపడితే, అది ప్రభుత్వ లెక్క మాత్రమేనని, పెళ్లి పూర్తి ఆచారంగా జరిగిందని వాళ్లకు ముందే చెప్పండి. వెతికేటప్పుడు తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, తల్లి తల్లి ఇంటిపేరు, మూడూ ప్రయత్నించండి. ఒకే తల్లి పిల్లలు వేర్వేరు ఇంటిపేర్లతో అమెరికా చేరడం ఇందువల్లే. కొందరు ముప్పై, నలభై ఏళ్ల కాపురం తర్వాత ప్రభుత్వ పెళ్లి చేసుకున్నారు, కాబట్టి పెళ్లి రికార్డును ఆ వయసుల్లోనూ వెతకాలి.

మిగతా రష్యా సామ్రాజ్యం, అంటే లిథువేనియా, బెలారస్, ఉక్రెయిన్ ప్రాంతాల్లో 1835 నుంచి జనన, వివాహ, మరణ పుస్తకాలున్నాయి. ఒక పక్క రష్యన్, ఒక పక్క హీబ్రూ. రెండూ చదివించుకోండి, ఒకదానిలో లేని పేరు రెండోదానిలో ఉంటుంది. రివిజన్ జాబితాలనేవి పన్నుల కోసం కుటుంబాల వారీగా రాసినవి, చివరిది 1858లో. గత జాబితా నాటి వయసు, ఇప్పటి వయసు, మధ్యలో పోయినవాళ్లు ఏ సంవత్సరం పోయారు, సైన్యంలోకి ఎవరిని తీసుకెళ్లారు, అన్నీ ఉంటాయి. 1827 నుంచి యూదు కుర్రాళ్లను 25 ఏళ్ల సైనిక సేవకు పట్టుకెళ్లడం మొదలైంది. ఆ భయంతో మగపిల్లల పుట్టుకను దాచేవారు, ఆలస్యంగా నమోదు చేసేవారు, వయసు అటూ ఇటూ చెప్పేవారు. కాబట్టి మీరనుకున్న ఏటికి అయిదేళ్లు ముందూ, పదేళ్లు తర్వాతా చూడండి. ఇంకో చిక్కు, కుటుంబం ఒక ఊళ్లో కాపురం ఉన్నా ప్రభుత్వ నమోదు తాతల నాటి ఊళ్లోనే కొనసాగేది. ఒకచోట దొరకకపోతే ఆ రెండో ఊరి కోసం వెతకాలి.

రష్యన్ అక్షరాల్లో "హ" లేదు, బదులు "గ" రాస్తారు. హిర్ష్ అక్కడ గిర్ష్, హోరోవిట్జ్ అక్కడ గురెవిచ్. తేదీలు కూడా పాత జూలియన్ క్యాలెండర్‌వి, 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనక. పోలాండ్ పుస్తకాల్లో రెండు తేదీలు పక్కపక్కనే, 7/19 మార్చి అన్నట్టు కనిపిస్తాయి. రెండోదే మన క్యాలెండర్ తేదీ.

వెతకడానికి జేఆర్ఐ-పోలాండ్ (పోలాండ్‌కు), గెషర్ గలీసియా (గలీసియాకు), లిత్వాక్‌సిగ్ (లిథువేనియాకు), జ్యూయిష్‌జెన్ డేటాబేస్‌లు ఉన్నాయి. వాలంటీర్లు ఏళ్ల తరబడి కూర్చుని పుస్తకాల నుంచి పేర్లు ఎక్కించిన సూచికలవి. సూచికలో పేరు దొరికితే పని అయిపోలేదు, అసలు పేజీ ఫోటో చూడాలి. సూచికలో రాయని సాక్షులు, మేనమామలు అందులో ఉంటారు. పోలాండ్ ప్రభుత్వ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో చాలా పుస్తకాల స్కాన్లు ఉచితంగా ఉన్నాయి. తూర్పు గలీసియా యూదు పుస్తకాల్లో పెద్ద భాగం వార్సాలోని ఏజీఏడీ ఆర్కైవ్‌లో ఉంది. లిథువేనియావి విల్నియస్‌లోని చారిత్రక ఆర్కైవ్స్‌లో. పోలాండ్‌లో 100 ఏళ్లు దాటని జనన రికార్డులు, 80 ఏళ్లు దాటని వివాహ, మరణ రికార్డులు స్థానిక రిజిస్ట్రారు దగ్గరే ఉంటాయి, వారసులమని రుజువు చూపించి అడగాలి.

వెనక ఉండిపోయినవాళ్లు

ఓడ ఎక్కినవాళ్ల గురించే ఇప్పటిదాకా చెప్పుకున్నాం. ఎక్కని అన్నదమ్ములు, తల్లిదండ్రులు, వాళ్ల పిల్లలు ఏమయ్యారన్నది వెతికితే చాలా కుటుంబాల్లో జవాబు ఒక్కటే వస్తుంది. 60 లక్షల మందిని నాజీలు చంపేశారు. ఈ మెట్టు ఎక్కేముందు ఆ ఇంటి పెద్దవాళ్లను అడగండి, తెలుసుకోవాలని ఉందా అని. కొందరికి వద్దు. ఆ మాటను గౌరవించండి.

కావాలంటే జెరూసలేంలోని యాద్ వాషెమ్ పేర్ల డేటాబేస్ ఉంది. అందులో సాక్ష్య పత్రాలనేవి బతికిన బంధువులు స్వయంగా నింపిచ్చినవి: చనిపోయినవారి పేరు, తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, భార్యాపిల్లలు. పత్రం కింద నింపినవారి పేరు, ఏ చుట్టరికమో కూడా రాసి ఉంటుంది. నాలుగైదు దశాబ్దాల కిందట ఇజ్రాయెల్‌లో ఆ కాగితం నింపిన మనిషి మీ ముత్తాతకు అన్న కూతురు కావచ్చు, ఆమె పిల్లలు ఇవాళ ఉండొచ్చు. రెండు వైపులా ఎవరూ మిగల్లేదనుకున్న కుటుంబాలు ఇలా కలుసుకున్నాయి. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఆ పత్రాలే. జర్మనీలోని ఆరోల్‌సెన్ ఆర్కైవ్స్‌లో నిర్బంధ శిబిరాల, యుద్ధానంతర శరణార్థుల కాగితాలు కోట్లలో ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితం. బతికి బయటపడ్డవాళ్లు తమ ఊరి జ్ఞాపకార్థం రాసుకున్న యిజ్కోర్ పుస్తకాలు వందల ఊళ్లకు ఉన్నాయి. వీధుల పటాలు, ఫోటోలు, చంపబడినవారి జాబితాలు అందులో ఉంటాయి. కొన్నింటికి ఇంగ్లీషు అనువాదం జ్యూయిష్‌జెన్‌లో చదవొచ్చు.

దొరికినవాళ్లు మీవాళ్లేనా?

చనిపోయిన తాత పేరు పెట్టే ఆచారం వల్ల, నలుగురు కొడుకులున్న తాత పోగానే నాలుగేళ్లలో నలుగురు మనవళ్లకు అదే పేరు వస్తుంది. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, దాదాపు ఒకే వయసు. సంబరపడి చెట్టులో అతికించేస్తే తర్వాతి తరాలన్నీ తప్పు కొమ్మ మీద పెరుగుతాయి. తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ కలిసేవరకు "అనుమానం" అని రాసి పక్కన పెట్టండి. నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని రుజువుగా తీసుకోకండి, అది ఏ కాగితం ఆధారంగా వేశారో అడగండి.

డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే వేల బంధువులు కనిపిస్తారు. అష్కెనాజీలు వందల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, ఎప్పుడో దూరపు చుట్టాలైనవాళ్లు కూడా మూడో తరం బంధువుల్లా లెక్కకు వస్తారు. కాబట్టి మొత్తం ఎంత కలిసిందన్నదాని కంటే, ఒక్కటిగా కలిసిన అతిపెద్ద ముక్క ఎంత పొడవుందో చూడండి. అది చిన్నదైతే వదిలేయండి. పరీక్షకు ఆ ఇంట్లో అందరికన్నా పెద్దవారిని ఒప్పించగలిగితే మంచిది, వాళ్లు పూర్వీకులకు ఒక తరం దగ్గర.

ఆర్కైవ్‌కు ఉత్తరం రాసేటప్పుడు ఒక్క ఊరు, ఒక్క కుటుంబం, పదేళ్ల వ్యవధి మాత్రమే అడగండి. "మా వంశం గురించి ఉన్నదంతా పంపండి" అని రాస్తే జవాబు రాదు. ఆ దేశ భాషలోకి అనువదించి, కింద ఇంగ్లీషు కూడా ఉంచండి. జవాబు కోసం ఎదురుచూసే నెలల్లో జ్యూయిష్‌జెన్ ఫ్యామిలీ ఫైండర్‌లో ఇంటిపేరు, ఊరు నమోదు చేసి పెట్టండి. అదే ఊరు, అదే ఇంటిపేరు వెతుకుతున్న మనిషి బ్యూనస్ ఐరిస్‌లోనో, హైఫాలోనో ఉంటే మీకు రాస్తారు. ఈమెయిల్ అడ్రసు మార్చితే అక్కడ కూడా మార్చడం మరిచిపోకండి.